పట్టాల పట్టణంలో మూగ రోగులు

హౌరాలో బయలుదేరి దక్షిణ దేశానికి పోయే మెయిలు బండి సుమారు 115 కిలోమీటర్లు నడచి ఖరగ్‌పూర్‌లో ఆగుతుంది. ఇక్కడి ప్లాట్‌ఫారం పొడవు 1072.5 మీటర్లు. ప్రపంచంలో ఇంతటి పొడవైన ప్లాట్‌ఫారం మరొకటి లేదని పాఠశాల పుస్తకాలలో చదువుకున్న తరాలు ఉన్నవి. ఆ కీర్తిని 2013లో గోరఖ్‌పూర్ తీసుకున్నది. 2023లో గోరఖ్‌పూర్ నుండి హుబ్బళ్ళి తీసుకున్నది. ఖరగ్‌పూర్‌కు మాత్రం తన పొడవు మీద అభిమానం తగ్గలేదు. బండి దిగి ఈ చివర నుండి ఆ చివరకు నడిచేవారికి మూడు భాషలైనా వినబడతాయి: వంగం, హిందీ, తెలుగు. తెలుగు వినబడినందుకు ఆశ్చర్యపోయేవారు ఈ ఊరికి కొత్తవారు.

బెంగాల్ నాగపూర్ రైల్వే వారు 20వ శతాబ్ది తొలి సంవత్సరాలలో ఇక్కడ పెద్ద వర్క్‌షాపును కట్టినప్పుడు పనివారిని తమ రైలుదారి పొడవునా వెదికి తెచ్చుకున్నారు. ఆ దారి వాల్తేరు వరకు ఉన్నది. అందుచేత శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి కమ్మరులు, ఫిట్టర్లు, బాయిలరు పనివారు, కూలీలు వేలాదిగా వచ్చినారు. నింపురా, మథురాకాటి, ఓల్డ్ సెటిల్‌మెంట్ వంటి పేటలలో వారి మనుమలు, మునిమనుమలు నేటికీ ఉన్నారు. తరువాతి కాలంలో రాష్ట్రపతి అయిన వరాహగిరి వెంకటగిరి ఈ రైల్వే కార్మిక సంఘాన్ని నిర్మించినవారిలో ముఖ్యుడు. 1927లో ఇక్కడి వర్క్‌షాపు కార్మికులు చేసిన సమ్మె దేశ కార్మిక చరిత్రలో నిలిచిపోయినది. పట్టణం పక్కనే హిజ్లీ. అక్కడి నిర్బంధ శిబిరంలో 1931 సెప్టెంబరు 16న పోలీసుల కాల్పులకు ఇద్దరు యువకులు బలి అయినారు. ఆ భవనంలోనే 1951లో దేశపు తొలి ఐ.ఐ.టి. ప్రారంభమైనది. ఇవన్నీ యాత్రికునికి చూపదగినవే. అయితే ఏ యాత్రా పుస్తకమూ పట్టించుకోని మరొక జనాభా ఈ పట్టణంలో ఉన్నది. అది నాలుగు కాళ్ళ మీద నడుస్తుంది.

ఎర్రమట్టి మీద కొత్త గోడలు

పట్టణపు పొలిమేర దాటగానే నేల రంగు మారుతుంది. ఇది మేదినీపూర్ ఎర్రమట్టి సీమ: గులకతో కూడిన గట్టినేల, అక్కడక్కడ సాలవృక్షాలు, వాన కురిసిన నాలుగు నెలలు పచ్చిక, తక్కిన ఎనిమిది నెలలు దుమ్ము. జాతీయ రహదారుల చెంత ఇటువంటి నేల మీదనే పశ్చిమ బెంగాల్ పారిశ్రామికాభివృద్ధి సంస్థ విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌ను ఏర్పాటు చేసినది. ఈ జిల్లా గడ్డ మీద, వీరసింగ గ్రామంలో 1820లో పుట్టిన ఈశ్వరచంద్ర విద్యాసాగరుని పేరు దానికి పెట్టినారు. మట్టి తవ్వే భారీ యంత్రాలను తయారుచేసే టాటా హిటాచీ కర్మాగారం, గ్రాసిమ్ సంస్థవారి రంగుల కర్మాగారం ఇక్కడివే. కలకత్తా నుండి మద్రాసుకు పోయే 16వ నంబరు రహదారి ఈ పట్టణాన్ని తాకుతూ పోతుంది. ఆ రహదారి వెంట దక్షిణానికి సాగిపోతే అదే తారురోడ్డు శ్రీకాకుళం, విశాఖపట్నం, రాజమహేంద్రవరం, విజయవాడ, నెల్లూరుల మీదుగా పోతుంది. లారీ డ్రైవర్లకు ఖరగ్‌పూర్ ఒక మజిలీ. కాబట్టి దారి పక్కన దాబాలు ఉన్నవి, దాబాల వెనుక ఎంగిలి ఆకుల గుట్టలు ఉన్నవి, ఆ గుట్టల చుట్టూ కుక్కలు ఉన్నవి.

కర్మాగారం వచ్చిన చోట పశువుల లెక్క మారిపోతుంది. ఇది ఒక్క ఖరగ్‌పూర్ సంగతి కాదు. పటాన్‌చెరులోనైనా గాజువాకలోనైనా ఇదే వరుస. ప్రహరీగోడ లేచిన మేర మేకలు తిరిగే బీడు తగ్గుతుంది. క్యాంటీను తెరచిన మేర కుక్కల సంఖ్య పెరుగుతుంది. మేక యజమాని ఊరిలో ఉన్నవాడు; అతడు నష్టపోయినా మాట్లాడడు. వీధికుక్కకు యజమాని లేడు. కాని రాత్రి రెండవ షిఫ్టు ముగించుకొని సైకిలు మీద ఇంటికి పోయే కార్మికునికి అది గేటు వద్దనే ఎదురవుతుంది. ఈ రెండు జంతువుల కథను చివరకు ఒక్కచోట కలిపేది పశువైద్యశాల.

పశ్చిమ బెంగాల్‌లో ఈ పనిని చూసే ప్రభుత్వ శాఖకు ప్రాణి సంపద వికాస శాఖ అని పేరు. మన రాష్ట్రాలలో పశుసంవర్ధక శాఖ అనే దానినే వారు అలా అంటారు. ఆ పేరులో పశువు అన్న మాటకు బదులు ప్రాణి అన్న మాట ఉండడం బాగున్నది. ప్రతి బ్లాకుకు ఒక ప్రాణి ఆరోగ్య కేంద్రం, గ్రామాలలో ఇంటింటికి తిరిగి ఆవులకు కృత్రిమ గర్భధారణ చేసే ప్రాణిబంధువులు, టీకాలు వేసే ప్రాణిమిత్రలు ఈ వ్యవస్థలో అంగాలు. పట్టణంలో పెంపుడు కుక్కలకూ పిల్లులకూ చికిత్స చేసే ప్రైవేటు వైద్యుల గదులు వేరు. 1962 అన్న నంబరుకు టెలిఫోను చేస్తే బండి మీద వైద్యుడు వచ్చే ఏర్పాటు తెలంగాణలో 2017లోను, ఆంధ్రప్రదేశ్‌లో 2022లోను మొదలైనది. కేంద్ర ప్రభుత్వ సహాయంతో ఇతర రాష్ట్రాలకూ విస్తరించినది.

పది రోజుల కుక్క

ఇటువంటి పట్టణంలో పశువైద్యుని గుమ్మం తొక్కే ప్రశ్నలలో ప్రాణాలకు సంబంధించినది ఒకటే: ‘కుక్క కరచినది, దానికి పిచ్చి ఉన్నదా?’

వైద్యుడు ఎదురు ప్రశ్న వేస్తాడు: ‘ఆ కుక్క ఎక్కడ ఉన్నది? బ్రతికే ఉన్నదా?’ కరచినవాడు భయంతో పరుగెత్తి వచ్చినాడు, కుక్కను చూసి రాలేదు. చుట్టుపక్కలవారు కర్రలతో దానిని చంపి ఉంటే వైద్యుడు తల పట్టుకుంటాడు. ఎందుకనగా రేబిస్ సోకిన కుక్క చొంగలో ఆ సూక్ష్మజీవి కనిపించిన నాటి నుండి పది రోజులలోపున కుక్క చచ్చిపోవలసినదే. కరచిన పదవ రోజున కూడా కుక్క హాయిగా తోక ఆడిస్తూ ఉంటే, కరచిన నాడు దాని నోటిలో రేబిస్ లేదన్నమాట. కాబట్టి చచ్చిన కుక్క కంటె బ్రతికిన కుక్కే మంచి సాక్షి. ఇంత చిన్న సంగతి మన ఊళ్ళలో ఇంకా అందరికీ తెలియదు. అయితే ఆ పది రోజులూ మనిషికి సూది వేయించకుండా వేచి ఉండడం ప్రాణాంతకమైన పొరపాటు. సూదులు వెంటనే మొదలుపెట్టవలెను. కుక్కను గమనించడం దాని పాటికి అది సాగవలెను.

సూది కంటె ముందు చేయవలసినది మరొకటి ఉన్నది. గాయాన్ని ధారగా పారే నీటి కింద పెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు కడుగవలెను. రేబిస్ సూక్ష్మజీవి చుట్టూ కొవ్వుతో కూడిన పలుచని పొర ఉంటుంది. సబ్బు జిడ్డును ఎలా విడగొడుతుందో ఆ పొరను కూడా అలాగే విడగొడుతుంది. పైసా ఖర్చులేని ఈ చికిత్సను వదలి మనవారు కారం అద్దుతారు, సున్నం పూస్తారు, పసుపు కట్టు కడతారు, కొందరు మంత్రం వేయించుకుంటారు. కారం పుండును రేపుతుంది. రోగాన్ని లోపలికి నెట్టడానికి తోడ్పడుతుంది. మంత్రం వలన హాని లేదనుకుందామా? దానికి పట్టిన మూడు రోజుల కాలమే హాని. రేబిస్ లక్షణాలు ఒక్కసారి బయటపడినవంటే మనిషి దాదాపు ఎన్నడూ బ్రతకడు. నీటిని చూస్తే గొంతు పట్టివేయడం, గాలి తగిలితే ఉలికిపడడం, చివరకు పక్షవాతం. లక్షణాలు కనబడడానికి సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది. ఆ వ్యవధిలోనే రక్షణ ఉన్నది. అందుకే ఇది నూటికి నూరు పాళ్ళు చంపే రోగమూ, దాదాపు నూటికి నూరు పాళ్ళు నివారించగల రోగమూ కూడా.

సూదులంటే భయం ఎక్కడి నుండి వచ్చినదో ఊహించడం కష్టం కాదు. ‘బొడ్డు చుట్టూ పధ్నాలుగు సూదులు’ అన్న మాట వినని తెలుగువాడు ఉండడు. 1885లో పారిస్ నగరంలో లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ళ జోసెఫ్ మీస్టర్‌కు తొలిసారి ఈ టీకా వేసి బ్రతికించినాడు. మన దేశంలో 1900లో కసౌలిలో, 1907లో కూనూరులో అటువంటి సంస్థలు వెలసినవి. కసౌలిలో డేవిడ్ సెంపుల్ తయారుచేసిన టీకాను గొర్రెల మెదడు నుండి తీసేవారు. అది చాలా కాలం మన ఆసుపత్రులలో పేదవానికి దొరికే ఏకైక ఆధారం. పొట్ట మీద రోజుకొకటి చొప్పున పొడిచేవారు. కొద్దిమందికి అది నరాల జబ్బును కూడా తెచ్చిపెట్టేది. ఆ టీకా తయారీ మన దేశంలో 2005 నాటికి ఆగిపోయినది. ఇప్పటి టీకా కణజాలంలో పెంచినది. చేతి చర్మంలో రెండు చోట్ల చిటికెడు మందు, అదీ నాలుగు సార్లు: మొదటి నాడు, మూడవ నాడు, ఏడవ నాడు, ఇరవై ఎనిమిదవ నాడు. కాటు లోతుగా ఉండి రక్తం వచ్చినట్లయితే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే తయారైన రక్షక ద్రవ్యాన్ని కూడా ఎక్కించవలెను. టీకా దేహంలో రక్షణను పుట్టించడానికి కొన్ని రోజులు పడుతుంది. ఆ కొన్ని రోజుల కాపలా ఈ ద్రవ్యానిది. బొడ్డుకు ఇక ఏ ప్రమాదమూ లేదు. అయినా పాత మాట పోలేదు; ఆ మాటకు జడిసి ఆసుపత్రికి పోనివారు నేటికీ ఉన్నారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా సుమారు 59,000 మంది ఈ రోగం వలన చనిపోతున్నారు. నూటికి నలభై మంది పదిహేనేళ్ళ లోపు పిల్లలే. పిల్లవాడు కుక్కపిల్లతో ఆడుకుంటాడు, గీరిన సంగతి ఇంట్లో చెప్పడు, తిడతారని భయం. భారతదేశంలో ఏటా 20,000 మంది అన్న అంచనా చాలా కాలం చలామణి అయినది. భారత వైద్య పరిశోధన మండలి ఇటీవల ఇంటింటికి తిరిగి సేకరించిన వివరాల మీద ఆ సంఖ్య సుమారు 5,700 అని తేలినది. తగ్గినది నిజమే, సంతోషించదగినదే. కాని ఒక్కొక్కటి నివారించగల చావు అన్నప్పుడు 5,700 చిన్న సంఖ్య కాదు.

మనిషికి వేసే సూది మనిషిని కాపాడుతుంది; రోగాన్ని ఆపదు. దానిని ఆపేది కుక్కకు వేసే సూది. ఒక ప్రాంతంలోని కుక్కలలో నూటికి డెబ్బై వాటికి టీకా పడితే రోగం ఒక కుక్క నుండి మరొక కుక్కకు పాకే గొలుసు తెగిపోతుంది. ఇది చాలా దేశాలలో ఋజువైనది. మనుషులకు సూదులు వేయించడానికి పెట్టే ఖర్చులో కొంత ఇటు మళ్ళిస్తే చాలునని పశువైద్యులు చెబుతూనే ఉన్నారు. వారి మాట వినేవారు తక్కువ. కుక్కకు వోటు లేదు కదా!

రాబందు పోయిన చోటు

వీధికుక్కలు ఇంతగా ఎందుకు పెరిగినవన్న ప్రశ్నకు ఒక సమాధానం ఆకాశంలో ఉన్నది. ఒకప్పుడు ఊరి బయట పశువు చచ్చిపడితే గంటలలో రాబందులు దిగేవి. ఎముకలు తప్ప మరేమీ మిగిలేది కాదు. 1990ల నాటి నుండి అవి కనబడకుండా పోయినవి. 2007 నాటికి తెల్లవీపు రాబందులు నూటికి తొంభైతొమ్మిదికి పైగా నశించినవి. కారణం ఏదో అంటురోగమని మొదట అనుకున్నారు. 2004లో అసలు సంగతి బయటపడినది: అది పశువుల నొప్పులకు వేసే డైక్లోఫెనాక్ అన్న మందు. ఆ మందు పడిన పశువు కొద్ది రోజులలో చచ్చి, దాని మాంసాన్ని రాబందు తిన్నదంటే, దాని మూత్రపిండాలు చెడిపోయి చచ్చిపోతుంది. నొప్పితో మూలిగే ఎద్దు మీద జాలిపడి వేసిన సూది జటాయువు వంశాన్ని తుడిచిపెట్టినది. రాబందులు వదలిన కళేబరాలను కుక్కలు పంచుకున్నవి.

భారత ప్రభుత్వం 2006లో పశువులకు ఈ మందును నిషేధించినది. మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలను పశువులకు వాడుతున్నారని తెలిసి, 2015లో సీసా పరిమాణాన్ని 3 మిల్లీలీటర్లకు తగ్గించినారు. 2023లో అదే కీడు చేసే కీటోప్రోఫెన్, ఏసిక్లోఫెనాక్‌లను కూడా పశువైద్యం నుండి తొలగించినారు. మెలాక్సికామ్ అన్న మందు పశువు నొప్పికీ పనిచేస్తుంది, రాబందుకూ హాని చేయదు. పశువైద్యుడు చీటీ మీద వ్రాసే ఒక్క మాట ఇంత దూరం పోతుంది. మందుల దుకాణంలో తెలిసినవాడు ఇచ్చిన సూదిని ఆవుకు వేయించే రైతు ఈ సంగతి ఎరుగడు. ఎరుగనందుకు అతనిని తప్పు పట్టలేము.

కుక్కలను చంపి సంఖ్య తగ్గించడమన్నది మునిసిపాలిటీలు ఒక శతాబ్దం పాటు చేసి చూసిన పని. చంపిన చోటికి పక్క పేట కుక్కలు వచ్చి చేరేవి. జంతువులపట్ల క్రూరత్వాన్ని నివారించే సంఘం ఆసియాలో మొట్టమొదట వెలసినది కలకత్తాలోనే, 1861లో. 1959లో మద్రాసులో పుట్టిన బ్లూ క్రాస్ వారు చంపడానికి బదులు శస్త్రచికిత్స చేసి సంతానం కలుగకుండా చేయడమే మార్గమని ఆచరించి చూపినారు. హైదరాబాదులో 1992లో నటి అక్కినేని అమల ప్రారంభించిన బ్లూ క్రాస్, తరువాత విశాఖపట్నంలో వెలసిన సంస్థ ఆ బాటనే నడిచినవి. 2001లో అది కేంద్ర ప్రభుత్వ నిబంధన అయినది. 2023లో కొత్త నిబంధనలు వచ్చినవి. శస్త్రచికిత్స అయిన కుక్క చెవి కొసను కొద్దిగా కత్తిరించి గుర్తు పెడతారు. వీధిలో అటువంటి చెవి కనబడితే ఆ కుక్కకు రేబిస్ టీకా కూడా ఒకసారి పడినదని అర్థం.

2025 నవంబరు 7న సుప్రీంకోర్టు పాఠశాలలు, ఆసుపత్రులు, బస్సు స్టాండులు, రైల్వే స్టేషన్ల నుండి వీధికుక్కలను తొలగించి ఆశ్రయాలలో ఉంచవలెననీ, తిరిగి అక్కడే వదలరాదనీ ఆదేశించినది. ఖరగ్‌పూర్ వంటి పట్టణానికి ఈ ఆదేశం ఎంత బరువైనదో ఊహించవచ్చు. ఇక్కడ స్టేషను ఎక్కడ ముగిసి ఊరు ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టం. ఆశ్రయం కట్టడానికి స్థలం, రోజూ మేపడానికి తిండి, చూడడానికి వైద్యుడు, ఈ మూడూ లేకుండా తొలగించడం మాత్రం జరిగితే ఆ కుక్కలు పార్కు గేటు వద్దకో, పేటల లోపలికో చేరుతాయి.

మెడకు పట్టా కట్టినవి

యజమాని గల కుక్క సంగతి వేరు. రైల్వే క్వార్టర్ల వరండాలలోనూ, ఐ.ఐ.టి. ఆచార్యుల ఇళ్ళలోనూ, పార్కు ఉద్యోగుల అద్దె వాటాలలోనూ కుక్కపిల్లలు పెరుగుతున్నవి. మండు వేసవిలో ఎర్రమట్టి నేల కాలి 40 డిగ్రీలు దాటే ఊరిలో మంచు దేశాల బొచ్చుకుక్కను పెంచడమంటే దానికి ఉన్నికోటు తొడిగి ఎండలో నిలబెట్టడమే. ముచ్చట యజమానిది, ఒగర్పు కుక్కది. ఈ గాలికి అలవాటుపడిన నాటు కుక్కపిల్లను తెచ్చుకుంటే వైద్యుని ఖర్చు సగం తగ్గుతుంది. కాని నాటు కుక్కను చూపి ఎవరు గొప్ప చెప్పుకుంటారు?

కుక్కపిల్లలను ఎక్కువగా బలిగొనేది పార్వో అన్న విరేచనాల రోగం. ఇది పాతరోగం కాదు. 1978లో ప్రపంచంలో కొత్తగా తలెత్తి, రెండేళ్ళలో అన్ని ఖండాలకూ పాకినది. నిన్న గంతులేసిన పిల్ల నేడు తిండి మాని, వాంతులు చేసుకొని, నెత్తురు విరేచనాలతో పడిపోతుంది. ఆరు నుండి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకా, తరువాత మూడు నాలుగు వారాల ఎడంతో పదహారు వారాల వయసు వరకు మరి కొన్ని. రేబిస్ టీకా మూడవ నెలలో, ఆపైన వైద్యుడు చెప్పిన గడువున, సాధారణంగా ఏడాదికొకసారి. వానాకాలంలో పిడుదులు పట్టి వాటి వలన జ్వరం వస్తుంది. చెవుల లోపల, కాలివేళ్ళ సందులలో వెదకి తీయించవలెను. ఇంట్లో జ్వరానికి వాడే పారసిటమాల్ మాత్ర పిల్లికి విషం. దానిని విరిచే శక్తి పిల్లి కాలేయానికి లేదు. ఉల్లిపాయ, చాక్లెట్, ద్రాక్ష కుక్కకు హాని చేస్తాయి. వంగదేశంలో ఉంటూ కుక్కకు రసగుల్లా పెట్టకుండా ఉండడం కష్టమే, కాని ఉండవలెను.

సెలవులలో స్వగ్రామానికి పోయే తెలుగు కుటుంబాలకు మరొక చిక్కు ఉన్నది: కుక్కను ఏమి చేయవలెను? రైలు నిబంధన ప్రకారం ఎయిర్ కండిషన్డ్ మొదటి తరగతిలో గది మొత్తం తమకే కేటాయింపు అయితే వెంట తీసుకుపోవచ్చు. తక్కిన తరగతులవారు గార్డు పెట్టెలోని కుక్కల అరలో పంపవలెను. దానికి టీకాలు పడినవని, ఆరోగ్యంగా ఉన్నదని పశువైద్యుడు వ్రాసిన పత్రం కావలెను. ప్రయాణానికి ముందు రోజులలో వైద్యశాల బెంచీ మీద కూర్చునేవారిలో రోగం లేనివారు వీరే.

నల్లమేక

ఇంత చెప్పినా, ఈ జిల్లాలో పశువైద్యానికి ఆయువుపట్టు కుక్క కాదు, మేక. బ్లాక్ బెంగాల్ అన్న జాతి మేక చూడడానికి చిన్నది. పొట్టికాళ్ళు, నిగనిగలాడే నల్లని వెంట్రుక. అన్ని మేకలూ నల్లనివి కావు, గోధుమరంగువి, తెల్లనివి కూడా ఉన్నవి. మేకను పేదవాని ఆవు అంటారు. ఈ జాతికి ఆ మాట సరిపోదు, ఇది తన పిల్లలకు చాలినంత పాలే ఇవ్వలేదు. దాని గొప్ప వేరు. ఒక ఈతకు రెండు పిల్లలు మామూలు, మూడు అరుదు కాదు. మాంసం రుచికీ, చర్మం నాణ్యతకూ పేరు. కర్మాగారం గోడ పక్క పూరిల్లు కట్టుకున్న స్త్రీకి అది బ్యాంకు ఖాతా: పాఠశాల పుస్తకాలకు ఒక పిల్ల, పండుగకు ఒకటి, ఆసుపత్రికి ఒకటి.

ఆ ఖాతాను ఒక్క వారంలో తుడిచిపెట్టగలది పి.పి.ఆర్. అన్న రోగం, తెలుగు కాపరులు పారుడు రోగమంటారు. జ్వరం, ముక్కు నుండి చీమిడి, నోటిలో పుండ్లు, విరేచనాలు, ఊపిరి ఆడకపోవడం. మందలో సగం పోవచ్చు. దీనికి అన్న వంటిది ముసర రోగం. అది శతాబ్దాల తరబడి మన ఎడ్లను, బర్రెలను తుడిచిపెట్టినది. దాని మీద పరిశోధనకే హిమాలయాలలోని ముక్తేశ్వర్‌లో ప్రయోగశాల వెలసినది. 1897లో రాబర్ట్ కాక్ అక్కడికి వచ్చినాడు. 1920లలో జె.టి. ఎడ్వర్డ్స్ ఆ సూక్ష్మజీవిని మేక నుండి మేకకు ఎక్కిస్తూ పోయినాడు. చాలా మేకలు దాటేసరికి దానికి ఆవులను చంపే శక్తి పోయినది, రక్షణ ఇచ్చే గుణం మిగిలినది. ఆ విధంగా ఆవులను కాపాడినది మేక. 2011లో ముసర రోగం భూమి మీద లేదని ప్రకటించినారు. మశూచి తరువాత మానవుడు పూర్తిగా నిర్మూలించిన రోగం అదొక్కటే. ఇప్పుడు మేకల వంతు వచ్చినది. పి.పి.ఆర్.ను 2030 నాటికి నిర్మూలించవలెనని అంతర్జాతీయ సంస్థలు పూనుకున్నవి. దానికి వాడే ప్రధానమైన టీకాలలో ఒకటి అదే ముక్తేశ్వర్‌లో తయారైనది.

ఖరగ్‌పూర్ వంటి ఊరిలో ఈ పనికి మరొక అడ్డు ఉన్నది. రోగి మూగ, రోగి తరఫున మాట్లాడవలసిన యజమాని భాష వేరు. నింపురా పేటలోని ముసలమ్మ ‘మేక నెమరు వేయడం లేదు బాబూ, రెండు దినాలై పారుతున్నది’ అంటుంది. వైద్యుడు వంగదేశీయుడు; ఆయనకు మేక అంటే ఛాగొల్. అవ్వకు వంగభాషలో సంతకు చాలినన్ని మాటలు వచ్చును. నెమరుకు మాట రాదు. దవడ ఆడించి చూపి, తల అడ్డంగా ఊపుతుంది. ఈ ఊరిలో కొంత కాలం పనిచేసిన వైద్యుడు ఆ అభినయాన్ని చదవడం నేర్చుకుంటాడు. నాలుగు తెలుగు మాటలు కూడా పట్టుకుంటాడు. తెలుగు బడిలో చదివి వంగభాషలో ఆడుకునే మనుమడు వెంట వస్తే పని సులువు. ఎన్ని దినాల నుండి, ఎన్ని మేకలకు, పక్కింటి మేకలకు కూడానా అన్న మూడు ప్రశ్నలకు సరైన సమాధానం దొరికితే సగం రోగనిర్ణయం అయిపోయినట్లే. ఒక్క మేకకు వచ్చినది అజీర్ణం కావచ్చు. ఆరు మేకలకు ఒకేసారి వచ్చినది అజీర్ణం కాదు.

టీకా ఒక్కసారి పడితే మూడేళ్ళకు పైగా రక్షణ. కాని అది పొడి రూపంలో, చలవపెట్టెలో ప్రయాణించవలెను. ఒక సీసాలో అనేక మేకలకు చాలినంత మందు ఉంటుంది. దానిని ద్రావకంలో కలిపిన తరువాత కొద్ది గంటలే పనిచేస్తుంది, మిగిలినది పారబోయవలసినదే. రెండు మేకల కోసం సీసా విప్పడానికి టీకాలవారికి మనసొప్పదు. విప్పకుండా తిరిగిపోతే ఆ రెండు మేకలూ వదలివేయబడినవే. ప్రొద్దెక్కితే మేకలు కట్లు విప్పుకొని పార్కు గోడ వెంట, పట్టాల వెంట చెదరిపోతాయి; మళ్ళీ సాయంత్రం వరకు చేతికి చిక్కవు. అందుచేత టీకాల నాడు చలవపెట్టె సైకిలు వెనుక కట్టుకొని వారు తెల్లవారకముందే పేటకు చేరుకుంటారు. అప్పటికి మొదటి షిఫ్టు కూత ఇంకా వినబడి ఉండదు.